డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌కి సరిపోయే బయటి ర్యామ్ ఎలా ఎంచుకోవాలి?

ఆఫీసులు వాడి మార్చేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డెస్క్‌టాప్‌లు ఇప్పుడు చాలా ఇళ్లకు చేరుతున్నాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా చాలావాటిలో 8 జీబీ ర్యామే ఉంటుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు, దాని పక్కనే బోలెడన్ని క్రోమ్ ట్యాబ్‌లు, కోడింగ్ నేర్చుకునేవాళ్లుంటే ఆండ్రాయిడ్ స్టూడియో... వీటికి 8 జీబీ చాలదు. ఇంకో ర్యామ్ స్టిక్ కొందామంటే, సిస్టమ్ కంపెనీ పేరు లేని బయటి ర్యామ్ ఇందులో పనిచేస్తుందా అని టెన్షన్.

ఒక విషయం తెలిస్తే ఆ టెన్షన్ చాలావరకు పోతుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో మెమరీ చిప్‌లు తయారు చేయవు. మీ సిస్టమ్‌లో 'ఒరిజినల్'గా వచ్చిన స్టిక్ తీసి చూస్తే, చాలాసార్లు దానిమీద శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లలో ఏదో ఒక పేరు కనిపిస్తుంది. స్టిక్ ఆకారం, వోల్టేజీ, వేగం ఎలా ఉండాలో జెడెక్ అనే సంస్థ ప్రమాణాలు రాసి పెట్టింది. వాటిలో మీ సిస్టమ్‌కి కావాల్సిన ప్రమాణానికి కట్టుబడిన స్టిక్ ఎవరిదైనా సాధారణంగా పనిచేస్తుంది. ఏ ప్రమాణం కావాలో లేబుల్ చదివి తెలుసుకోవడమే మన పని.

ముందు, లోపం ర్యామ్‌దేనా?

రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. మెమరీ 85 శాతం దాటి అక్కడే ఉంటోందంటే ర్యామ్ కొనడంలో అర్థం ఉంది. మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే, అందులో ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉంటే, ఆ డబ్బుతో ఎస్ఎస్‌డీ కొనండి. తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది. 32 బిట్ విండోస్ ఉన్న పాత సిస్టమ్ అయితే ఎంత ర్యామ్ వేసినా 4 జీబీకి మించి వాడుకోలేదు. ముందు 64 బిట్ విండోస్ వేయించాలి.

అదే మెమరీ పేజీలో ఇప్పుడు నడుస్తున్న వేగం, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయి, స్టిక్ ఏ ఆకారంలో ఉంది అన్నవి కూడా ఉంటాయి. రాసి పెట్టుకోండి.

మోడల్ నంబరు పూర్తిగా తెలుసుకోండి

'డెల్ ఐ5' అని షాపులో చెబితే ఎవరూ సరైన ర్యామ్ ఇవ్వలేరు. డెల్‌కి సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీకి ప్రొడక్ట్ నంబరు, లెనోవోకి మెషీన్ టైప్ నంబరు క్యాబినెట్ మీద అంటించి ఉంటాయి. వాటితో ఆ కంపెనీ సపోర్ట్ సైట్‌లో మాన్యువల్ దొరుకుతుంది. ఆ మాన్యువల్‌లోని మెమరీ పేజీలో నాలుగు సంగతులు చూడాలి: డీడీఆర్ తరం (డీడీఆర్3, 4, 5 అంటూ ర్యామ్ ఏ తరానిదో చెప్పేది), స్లాట్ల సంఖ్య, మొత్తం పరిమితి, అత్యధిక వేగం.

డెల్ ఆప్టిప్లెక్స్ 3050, 7050లనే తీసుకోండి. రెండూ ఒకే కాలం నాటివి, రెండింటిలోనూ ఇంటెల్ 6 లేదా 7వ తరం ప్రాసెసర్లు, డీడీఆర్4 ర్యామ్. కానీ టవర్, స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ క్యాబినెట్లలో 3050కి రెండు స్లాట్లు, 32 జీబీ పరిమితి. 7050కి నాలుగు స్లాట్లు, 64 జీబీ. అదే పేరుతో వచ్చే చిన్న మైక్రో డబ్బాలో మాత్రం ల్యాప్‌టాప్ ర్యామ్ పడుతుంది. లెనోవో టైనీ, హెచ్‌పీ మినీ, చాలా ఆల్ ఇన్ వన్ సిస్టమ్‌లూ ఇంతే. డెస్క్‌టాప్ కదా అని పొడవాటి స్టిక్ తెచ్చుకుంటే అది పట్టదు.

ప్రాసెసర్ తరాన్ని బట్టి డీడీఆర్ తరాన్ని ఊహించడం అన్నిసార్లూ కుదరదు. ఇంటెల్ 12వ తరం డీడీఆర్4, డీడీఆర్5 రెండింటినీ తీసుకుంటుంది. మీ మదర్‌బోర్డు మీద ఏ స్లాటు ఉందన్నదే లెక్క. డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288 పిన్నులే అయినా మధ్య గాటు వేరే చోట ఉంటుంది. స్లాటులో పట్టని స్టిక్‌ను బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

పాత స్టిక్ లేబుల్ చదవండి

ఎంత మంచి మాన్యువల్ ఉన్నా, పవర్ తీసేసి క్యాబినెట్ తెరిచి లోపలి స్టిక్‌ను కళ్లతో చూడమనే నేను చెబుతాను. సెకండ్ హ్యాండ్‌లో అయితే మరీనూ. లేబుల్ మీద ఇలాంటి వరుస ఉంటుంది: 8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2400టీ-యూఏ2-11. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండే ఈ వరుసను ముక్కలు చేసి చూద్దాం. పీసీ4 అంటే డీడీఆర్4. 2400 వేగం. కొన్ని స్టిక్‌ల మీద ఇదే వేగాన్ని పీసీ4-19200 అని రాస్తారు. అలాగే 21300 అంటే 2666, 25600 అంటే 3200. 1ఆర్ఎక్స్8 అన్నది చిప్‌ల అమరిక.

అసలు చూడాల్సింది వేగం తర్వాత, గీత పక్కన వచ్చే అక్షరం. 'యూ' ఉంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. 'ఎస్' ఉంటే ల్యాప్‌టాప్‌ది. 'ఆర్' ఉంటే సర్వర్‌ది. 'ఈ' ఉంటే ఈసీసీ, అంటే తప్పుల్ని సరిదిద్దుకునే రకం, వర్క్‌స్టేషన్లకు వాడతారు.

ఈ 'ఆర్' అక్షరం దగ్గర చాలామంది నష్టపోతున్నారు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇలాంటప్పుడు విప్పేసిన సర్వర్ల నుంచి వచ్చిన డీడీఆర్4 స్టిక్‌లు చవగ్గా కనిపిస్తే చెయ్యి అటే పోతుంది. పిన్నులు అవే, గాటు అక్కడే, స్లాట్లో చక్కగా కూర్చుంటుంది కూడా. సిస్టమ్ మాత్రం ఆన్ కాదు. చిప్‌లు లెక్కపెట్టి కూడా పట్టుకోవచ్చు: మామూలు స్టిక్‌లో ఒక వైపు సాధారణంగా 4 లేదా 8 మెమరీ చిప్‌లు ఉంటాయి, సర్వర్ స్టిక్‌లో ఒక వైపు 9 లేదా 10 కనిపిస్తాయి, మధ్యలో వేరే సైజులో ఇంకో చిప్ ఉంటుంది. శాంసంగ్ స్టిక్ అయితే పార్ట్ నంబరు ఎం378తో మొదలైతే డెస్క్‌టాప్‌ది, ఎం393 అయితే సర్వర్‌ది. ఫొటో చూసి కొనేవాళ్లు లేబుల్ స్పష్టంగా కనిపించే ఫొటో పంపమని అడగండి. పంపకపోతే ఆ బేరం వదిలేయండి.

డీడీఆర్3 కాలం సిస్టమ్‌లకు ఇంకో గొడవ ఉంది. 'ఏఎండీకి మాత్రమే' అని సన్నగా రాసి అమ్మే చవక స్టిక్‌లు ఇంటెల్ సిస్టమ్‌లో పనిచేయవు. ఆప్టిప్లెక్స్ 3020, 9020 లాంటి 4వ తరం వాటిలో స్లాటుకి 8 జీబీయే గరిష్ఠం. 16 జీబీ డీడీఆర్3 స్టిక్ ఎవరైనా చూపిస్తే తీసుకోకండి.

వేగం విషయంలో ఆశపడొద్దు

రంగు రంగుల లైట్లు, పైన అల్యూమినియం తొడుగు, 3600 అనే అంకె ఉన్న గేమింగ్ ర్యామ్ చూడటానికి బాగుంటుంది. ఆ 3600 రావాలంటే బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో, ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌ల బయాస్‌లో చాలావరకు అది ఉండదు. అప్పుడు ఆ స్టిక్ తన మామూలు జెడెక్ వేగానికి, చాలాసార్లు 2133 లేదా 2400, 2666కి దిగిపోతుంది. పైగా ఎత్తు తొడుగు వల్ల చిన్న క్యాబినెట్‌లో మూత పడకపోవచ్చు. డీడీఆర్4 అయితే ఏ హంగూ లేని 1.2 వోల్టుల మామూలు స్టిక్ కొనండి. కింగ్‌స్టన్‌లో అయితే కేవీఆర్ అని మొదలయ్యేవి ఈ రకం.

వేగం కొంచెం ఎక్కువ ఉన్న మామూలు స్టిక్‌తో నష్టం లేదు. 3200 స్టిక్‌ను 7వ తరం సిస్టమ్‌లో వేస్తే సాధారణంగా 2400 వద్ద నడుస్తుంది. వేర్వేరు వేగాల స్టిక్‌లు కలిపితే అన్నీ తక్కువదానితో సమానంగా నడుస్తాయి.

ఒకటా, రెండా?

ఉన్న 8 జీబీకి తోడు మరో 8 జీబీ వేస్తే రెండు ఛానళ్లూ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే దారులు) కలిసి పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే బొమ్మ చూపించే పనికి కూడా ఈ ర్యామే వాడుకుంటుంది. పాత స్టిక్ కంపెనీయే దొరికితే మంచిదే, లేకపోయినా సైజు, వేగం, వోల్టేజీ కలిస్తే ఎక్కువసార్లు సర్దుకుంటాయి. ముందు ముందు 32 జీబీకి వెళ్లే ఆలోచన ఉంటే, రెండే స్లాట్లున్న 3050 లాంటి దానిలో ఇప్పుడే ఒక 16 జీబీ స్టిక్ వేసుకోవడం మేలు. రెండు ఎనిమిదులు పెట్టేస్తే తర్వాత రెండూ తీసేయాలి.

కొనేముందు కింగ్‌స్టన్ సైట్‌లో మీ మోడల్ పేరు కొట్టి చూడండి. సరిపోయే పార్ట్ నంబర్లు వస్తాయి. కొనేది ఆ కంపెనీదే కానక్కర్లేదు, అక్కడి వివరాలతో మీ లెక్క సరిచూసుకోవచ్చు. షాపులో కొంటే స్టిక్ నంబరు రాసిన బిల్లు తీసుకుని, పడకపోతే మార్చిస్తారా, ఎన్ని రోజుల్లోపు అని ముందే అడగండి.

వేసి పరీక్షించడం

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ లోహాన్ని తాకి, స్టిక్‌ను అంచులు పట్టుకుని తీయండి. జతను ఏ స్లాట్లలో వేయాలో మాన్యువల్ చెబుతుంది. గాటు కుదిరాక రెండు చివరలూ టక్‌మనే దాకా నొక్కండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ మారిందని డెల్ హెచ్చరిస్తుంది, అది మామూలే. డీడీఆర్5 అయితే కాసేపు తెర నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి ఆపేయకండి. ఎంతకీ తెర రాకపోతే కొత్తదాన్ని ఒంటరిగా, మొదటి స్లాట్‌లో పెట్టి చూడండి.

విండోస్ మొత్తం ర్యామ్ చూపించిందని అక్కడితో ఆగొద్దు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామ్ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్‌లను విడివిడిగా పరీక్షించి, తప్పు చూపిన దాన్ని మార్చే గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి. సిస్టమ్‌కి ఇంకా కంపెనీ వారంటీ ఉంటే, తీసేసిన పాత స్టిక్ అమ్మకుండా దాచండి. సర్వీసు మనిషి వచ్చే రోజు అదే వేసి ఉంచితే, బయటి ర్యామ్ వల్లే పాడైందన్న వాదన రాదు.