సకురా అన్నం: పువ్వు రంగు పోకుండా, ఉప్పు ఎక్కువ కాకుండా

జపాన్‌లోని యొకొహామాలో మాకు ఉప్పులో ఊరబెట్టిన చెర్రీ పూల ప్యాకెట్లు సులువుగానే దొరుకుతాయి. ముద్దగా పూసే యాఎజకురా పూలివి. ఈ పూలకు పక్కనే ఉన్న హదానో పేరుపడ్డ ఊరు. వీటిని కలిపి వండేదే సకురా అన్నం. కానీ వీటిని బియ్యంతో పాటే కుక్కర్లో వేస్తే రెండు తంటాలు: పువ్వు గోధుమరంగుకు తిరుగుతుంది, ఒక ముద్ద చప్పగా ఉంటే ఇంకో ముద్ద ఉప్పుకషాయం.

నాకు కుదిరింది ఇది. ముందు పువ్వుకు అంటిన ఉప్పు మెల్లగా దులిపి, గిన్నెడు చల్లటి నీళ్లలో వేస్తాను. ముడుచుకున్న రేకులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి, నీళ్లలోకి లేత గులాబీ రంగు దిగుతుంది. పది నిమిషాలకు ఒక రేకు తుంచి నాలుక మీద వేసుకోండి. ప్యాకెట్ ప్యాకెట్‌కీ ఉప్పు మారుతుంది కాబట్టి గడియారాన్ని నమ్మొద్దు. ఉప్పు తగిలీ తగలనట్టు ఉండగానే తీసేయాలి. మరీ నానితే వాసన కూడా నీళ్లపాలే. పచ్చి పువ్వుకు ఈ వాసన దాదాపు ఉండదు, ఊరితేనే కూమరిన్ అనే సువాసన పదార్థం పుట్టి వస్తుంది. దాన్ని పారబోయడానికి నాకు మనసొప్పదు.

ఎసట్లో చెంచాడు సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం), చిన్న కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క చాలు. ఉడికాక, అన్నం మగ్గేటప్పుడు సగం పూలు తరిగి కలుపుతాను, మిగతావి వడ్డించేటప్పుడు పైన పెడతాను.

ఊరబెట్టేటప్పుడు పోసే ఉమె (ఆప్రికాట్ జాతి పుల్లటి జపాన్ పండు) పళ్ల పులుపే ఆ గులాబీ రంగును నిలబెడుతుంది. అందుకే ఈ పూలు కేకుల్లో వేసేవాళ్లు వంటసోడా జోలికి పోకండి, రంగు నీలంగా మారిపోతుంది.