నిమజ్జనం తర్వాత బీచ్ శుభ్రం చేయడానికి వెళ్తున్నారా? వాలంటీర్లకు జాగ్రత్తలు

వినాయక నిమజ్జనాలు అయ్యాయంటే విశాఖలో కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లు బీచ్ బాట పడతాయి. సెప్టెంబరు మూడో శనివారం తీర శుభ్రత దినం, 24న ఎన్‌ఎస్‌ఎస్ ఆవిర్భావ దినం. దాంతో ఆ నెలంతా ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ ఇసుకలో ఏదో ఒక కాలేజీ పిల్లలు సంచులు పట్టుకుని కనిపిస్తారు. చెత్త ఏరడానికి జాగ్రత్తలేంటి అనుకోకండి. ఈ పనిలో అసలు గండం నీళ్ల దగ్గరుంది, అదీ పని ముగిశాక.

ముందు పోటు సంగతి. అనంత చతుర్దశి పౌర్ణమికి ఆనుకుని వస్తుంది. పౌర్ణమి నాడు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పోటు మామూలు కంటే పైకి ఎక్కుతుంది. అంటే పెద్ద విగ్రహాలు కలిపిన మర్నాడే సముద్రం ఎక్కువగా ముందుకొస్తుంది. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు 6 గంటలు. రోజురోజుకీ ఆ వేళ 50 నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. కాబట్టి నిన్న ఎవరో 6కి మొదలుపెట్టారని మీరూ అదే వేళ పెట్టుకోవద్దు. ఆ రోజు పోటు వేళ చూసుకుని, నీరు తగ్గడం మొదలైన గంట తర్వాత దిగండి. ఆ వేళ మరీ ఎండలో పడితే రోజు మార్చుకోవడమే మేలు.

ఆర్కే బీచ్‌లో ఒడ్డు వాలు ఎక్కువ. నాలుగు అడుగులు వేస్తే మోకాలి లోతు కాస్తా నడుం లోతవుతుంది. పోర్టు దగ్గర తవ్విన ఇసుకను ఇటు పోస్తారు, అలలు మళ్లీ కోసేస్తాయి. అందుకే కిందటేడు చదునుగా ఉన్నచోట ఇప్పుడు మూడడుగుల ఇసుక గట్టు నిలబడి ఉండొచ్చు. దాని అంచున నిలబడితే కాలి కింద ఇసుక జారి మనిషి నేరుగా అలల్లోకి పోతాడు. రిప్ కరెంట్‌ని గుర్తుపట్టడం కూడా నేర్పండి: అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా, మడ్డిగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు అక్కడే దిగుతారు, అల లేదు కదా అని. నీటిని లోపలికి లాగేది ఆ పాయే. దొరికిపోతే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని దూకొద్దు. 20 మీటర్ల నైలాన్ తాడుకి 5 లీటర్ల ఖాళీ డబ్బా కట్టి, అందులో పావు వంతు నీళ్లు పోసి మూత బిగించి ఉంచుకోండి. ఉత్త డబ్బా గాలికి వెనక్కి వచ్చేస్తుంది, ఆ కాస్త బరువుంటే దూరం వెళ్తుంది. విసురుతూనే లైఫ్‌గార్డుని పిలవండి, 112కి ఫోన్ చేయండి.

ఇక చేయాల్సిన ఏర్పాట్లలో నా లెక్కన మొదటిది: రోడ్డు పక్కన 200 లీటర్ల డ్రమ్ముతో మంచినీళ్లు, రెండు మగ్గులు. వందమందికి తలా 2 లీటర్లు. పని అయ్యాక చేతులకీ కాళ్లకీ మడ్డి అంటుకుని ఉంటుంది, కడుక్కోవడానికి అందరూ అలల్లోకే నడుస్తారు. అక్కడ్నించి నీళ్లు చల్లుకోవడం, సెల్ఫీ, ఇంకొంచెం లోపలికి. కడుక్కునే నీళ్లు పైనే ఉంటే ఆ దారే మూసుకుపోతుంది. టీషర్టుల మీద లోగోకి పెట్టే డబ్బులో పదో వంతు చాలు దీనికి.

పదిమందికి ఒక లీడర్, మెడలో ఈల. హాజరు మూడుసార్లు: బస్సు దిగాక, సగంలో, ఎక్కేముందు. మొదటిసారి సంతకాలు పెట్టించుకుని వదిలేస్తే ఎవరు ఎటు వెళ్లారో ఎవరికీ తెలియదు. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ లెక్క ఉంది కాబట్టి జ్వరంతో ఉన్నవాళ్లు కూడా వస్తారు. వాళ్లని ఇసుకలోకి పంపకుండా సంచుల లెక్క రాయించండి, గంటలు పోవు.

విగ్రహాల దగ్గర చెయ్యి పెట్టేముందు ఆగాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అలలకి విరిగి ఊడాక లోపలి ఇనప చువ్వలు, బైండింగ్ వైరు, మేకులు, వెదురు దబ్బలు ఇసుకలో నిటారుగా నిలుస్తాయి. హవాయి చెప్పులతో వచ్చినవాళ్లని వెనక్కి పంపండి, మందపాటి అడుగున్న బూట్లే కావాలి. నీళ్లు తాగిన ముక్కని ఒక్కరు లాగితే నడుం పట్టేస్తుంది. పెద్దవి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) జేసీబీకి వదిలేయండి. ఇంకొకటి, దెబ్బ తగిలించేది కాకపోయినా గొడవ తెచ్చేది: స్వామి ముఖం కనిపిస్తున్న ముక్కని గునపంతో పొడవడం, దాని పక్కన నవ్వుతూ ఫొటో దిగడం. టార్పాలిన్ కప్పి, ఇద్దరు ముగ్గురు పట్టి మోయండి.

మేకు దిగితే రక్తం రాలేదని ఊరుకోవద్దు. లోతుగా దిగి మూసుకుపోయిన గాయమే ధనుర్వాతానికి అనువు. పసుపు అద్దకుండా సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయాల్సి రావచ్చు. సిరంజి సూదిని మామూలు గ్లౌజు ఆపదు. పట్టకారుతో తీసి, మందపాటి ఫినాయిల్ డబ్బాలో వేసి మూత పెట్టండి, సూదికి క్యాప్ తొడగొద్దు. గుచ్చుకుంటే వేలు పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి నేరుగా కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి). హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు.

జెల్లీ చేప కుట్టినచోట ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లూ పోయొద్దు, సముద్రపు నీళ్లతోనే కడగాలి. తెలియని సిలిండరు, డబ్బా కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి 112కి చెప్పండి. పెదజాలరిపేట వైపు ఇసుకలో పడున్న వల చెత్త కాకపోవచ్చు, ఎండబెట్టిన వల అయ్యుండొచ్చు. అక్కడి వాళ్లని అడిగాకే కదపండి. ఇసుకలో కూరుకున్న పాత వలని లాగే బదులు పైకి తేలినంత మేర కోయండి.

అల్పపీడనం సూచన, ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరిక ముందు రోజు సాయంత్రం 6కి చూడండి. ఏదో ఒకటి ఉంటే అప్పుడే రద్దు చేసి గ్రూపులో పెట్టేయండి. తెల్లారి బస్సు వచ్చాక రద్దు చేయడానికి ఎవరికీ నోరు రాదు. ఇక్కడ సెప్టెంబరులో ఆరు కాకముందే తెల్లారుతుంది, 8:30కల్లా ఎండ చురుక్కుమంటుంది. ఉక్కపోత వేరే. ఆ వేళకి ముగించేలా చూసుకోండి. తలా లీటరు నీళ్లు, పదిమందికి రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక్కోటి సరిగ్గా లీటరులో.

సంచి సగమే నింపండి. తడి ఇసుకతో నిండితే అడుగు చినుగుతుంది, లేదా మోసేవాడి చెయ్యి తెగుతుంది. చెత్త బండి ఎన్నింటికి, ఎక్కడికి వస్తుందో ముందు రోజే జీవీఎంసీ జోన్ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి. బండి రాక సంచులు రోడ్డు మీద ఉండిపోతే మధ్యాహ్నానికి కుక్కలు చింపేస్తాయి, గాలికి సగం మళ్లీ ఇసుకలోకే చేరుతుంది. బండి కదిలేదాకా ఇద్దరు లీడర్లు అక్కడే ఉండాలి.