ఉదయగిరి దుర్గం, భైరవకోన: వానాకాలంలో వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కార్తీక వనభోజనాలు కూడా సరిగ్గా అప్పుడే. ఎండ తగ్గింది, కొండలు పచ్చబడ్డాయి కదా అని కుటుంబాలతో ఉదయగిరికి, భైరవకోనకు బయల్దేరేది ఈ నెలల్లోనే. వెళ్లండి, తప్పకుండా చూడాల్సిన చోట్లవి. కానీ బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని వార్తల్లో వస్తే మాత్రం ఆ వారం మానుకోండి. నెల్లూరులో ఎండ కాస్తున్నా సరే, కొండల మీద వాన లెక్క వేరు.

ముందు ఉదయగిరి సంగతి. కొండ ఎత్తు 3,079 అడుగులు. ఎక్కేటప్పుడు అందరికీ ఉత్సాహమే, ఇబ్బందంతా దిగేటప్పుడు. మోకాళ్లు వణుకుతుంటాయి, సీసాలో నీళ్లు అయిపోయి ఉంటాయి, వెలుతురు తగ్గుతుంటుంది. కార్తీకంలో సాయంత్రం అయిదున్నర దాటితే పొద్దు వాలిపోతుంది. అందుకని ఎప్పుడు ఎక్కాలన్నది కాదు, ఎన్నింటికి దిగడం మొదలుపెట్టాలన్నది ముందు ఖాయం చేసుకోండి. నన్నడిగితే ఒంటిగంట. అప్పటికి ఎక్కడున్నారో అక్కడినుంచే వెనక్కి తిరగండి. కొండ మీదున్న చిన్న మసీదో పెద్ద మసీదో చూడకుండా మిగిలిపోతే ఇంకోసారి రావచ్చు. తెల్లవారగానే ఎక్కడం మొదలుపెడితే ఆ టెన్షనే ఉండదు. పాత మెట్లు చాలాచోట్ల చెదిరిపోయాయి, వానలకు పొదలు పెరిగి దారి కప్పుకుపోతుంది. ఫారెస్ట్ వాళ్లను అడిగి, ఊళ్లో దారి తెలిసిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. మేకలు కాచుకునేవాళ్లకు తెలిసినంతగా ఫోన్లో మ్యాప్‌కు ఆ కొండ తెలియదు.

పైన గోడల దగ్గర మరీ జాగ్రత్త. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే ఒడిశా గజపతి రాజుల చేతిలోంచి ఈ దుర్గం తీసుకోవడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. అంతటి కోట గోడ కదా, ఏమవుతుందిలే అని పైకెక్కి ఫొటో దిగుతారు. రాళ్ల మధ్య సున్నం ఏనాడో రాలిపోయింది. సందుల్లో రావి, మర్రి వేళ్లు దిగాయి. నాలుగు రోజులు వాన తాగిన గోడ మనిషి బరువుకు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. కమానుల కింద కూర్చుని అన్నాలు తినొద్దు. గుప్తనిధుల పిచ్చితో తవ్విన గుంతలు కూడా గడ్డి కింద కనబడవు, కర్రతో పొడిచి చూసుకుంటూ నడవండి. రాతి దొనల్లో నీళ్లు ఎంత తేటగా ఉన్నా దిగొద్దు. అంచులంతా పాచి, లోతు తెలియదు.

బయల్దేరేముందు దామిని యాప్ ఒకసారి చూసుకోండి. దగ్గర్లో పిడుగులు పడే సూచన ఉంటే చెబుతుంది. కొండ మీద ఉరుము వినబడితే ఒంటరి చెట్టు కిందికి పరిగెత్తొద్దు, ఎత్తు మీంచి కిందికి దిగిపోవాలి.

ఒకే కొండను తొలిచి చెక్కిన ఎనిమిది శివాలయాలు ఉన్న చోటు భైరవకోన. పక్కనే జలపాతం. ఇక్కడ భయపడాల్సింది నీళ్ల గురించే. పైన అడవిలో పడిన వాన మనకు తెలియకుండా వాగులోకి వస్తుంది. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడ్డా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, చెప్పులు, గిన్నెలు ఏరుకుంటూ నిలబడకండి. పిల్లల చెయ్యి పట్టుకుని ముందు గట్టెక్కండి. కార్తీక పౌర్ణమి రాత్రి అమ్మవారి మీద వెన్నెల పడుతుందని జనం బాగా వస్తారు. ఆ చీకట్లో, ఆ తోపులాటలో చిన్నపిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లకపోవడమే మేలు. వాళ్ల జేబులో ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

గుహల దగ్గర పొయ్యి పెట్టొద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో అనుమతి లేకుండా వంటలు చేయకూడదన్న నియమం 1959 నుంచే ఉంది. అంతకన్నా ముఖ్యం, పొగ తగిలితే కొండ తేనెటీగలు లేస్తాయి. లేచాక చేతులతో కొట్టకూడదు. కొంగో తువ్వాలో ముఖానికి కప్పుకుని దూరంగా పోవాలి. నీళ్లలోకి దూకితే పైన కాచుకునే ఉంటాయి. కుట్టిన ముల్లును గోటితో పక్కకు గీకి వెంటనే తీసేయండి. ముఖం వాచినా, ఊపిరి బరువైనా ఆసుపత్రికే.

పాము విషయంలో ఇంకా పాత అలవాట్లు పోలేదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. మన కొండల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర తిరుగుతాయి. రాతి సందుల్లో, చీకటి గదుల్లో చెయ్యి పెట్టొద్దు, బూట్లు లేకుండా పోవద్దు. కాటు పడితే తాడుతో బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసరు కోసం తిరగకండి. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని దిగండి. 108కి ఫోన్ చేయండి. పైన సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి ఇద్దరు ముందు కిందికి పరిగెత్తాలి. కనీసం నలుగురు లేకుండా కొండెక్కొద్దు అనేది ఇందుకే.

మన వల్ల ఆ రాళ్లకు జరిగే హాని కూడా ఆపాలి. గోడల మీద పేర్లు చెక్కడం చూస్తే నాకు కడుపు మండిపోతుంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. మీ గుంపులో కుర్రాళ్లకు ఈ మాట కిందే చెప్పి పైకి తీసుకెళ్లండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే ఉదయగిరి కొండ పెట్టుకోకండి. కంభం చెరువుకు వెళ్లండి. గుండ్లకమ్మ నది మీద విజయనగర కాలంలో కట్టిన ఆ చెరువు కూడా అంత గొప్పదే. అక్కడ పాటించాల్సింది ఒక్కటే: చెరువు నిండినప్పుడు అలుగు దగ్గర సెల్ఫీలకు దిగొద్దు, పిల్లల్ని దిగనివ్వొద్దు.