జబ్బున్న కుక్కను నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకోవాలంటే

ఆరోగ్యంగా ఉన్న కుక్కనైతే ఊరెళ్ళేవాళ్ళు ఏదో ఒక బోర్డింగ్‌లో వదిలి వెళ్తారు. షుగర్ ఉన్న కుక్కను, ఫిట్స్ వచ్చే కుక్కను, వెనక కాళ్ళు పడిపోయిన కుక్కను అలా వదల్లేరు. ఇరవై బోన్ల మధ్య అదొకటైతే ఉదయం ఏడింటి మాత్ర తొమ్మిదింటికి పడుతుంది. పొద్దున అది ముద్ద ముట్టలేదన్న సంగతి సాయంత్రానికి గానీ ఎవరి కంటా పడదు. అందుకే ఇలాంటి కుక్కలకు ఇంటి బోర్డింగ్, అంటే మీలాంటివాళ్ళు తమ ఇంట్లోనే ఉంచుకుని చూసుకోవడం మేలు. అయితే యజమాని ఇంట్లో దాని రోజు ఎలా గడుస్తుందో మీ ఇంట్లోనూ గంట తేడా లేకుండా అలాగే గడవాలి. తిండి మార్చడం, మందు తగ్గించి చూడడం, షికారు పెంచడం లాంటి ప్రయోగాలు ఈ నాలుగు రోజుల్లో వద్దే వద్దు.

ఒప్పుకునే ముందు

ఇలాంటి కుక్కను ఒక విడతకు ఒకదాన్నే తీసుకోండి. ఒకదానికి ఇన్సులిన్, ఇంకొకదానికి ఫిట్స్ అంటే రెండిటికీ న్యాయం చేయలేరు. అసలు తేదీకి కనీసం వారం ముందు ఒక పూట, ఆ తర్వాత ఒక రాత్రి ఉంచి చూడండి. కొత్త ఇంట్లో తిండి మానేసే కుక్క ఏదో ఆ రాత్రే తెలిసిపోతుంది. షుగర్ ఉన్నదైతే ఇది చాలా ముఖ్యం.

అప్పగింత మందు వేసే వేళకే పెట్టుకోండి. మొదటి పూట యజమాని మీ ముందు వేయాలి, రెండో పూట మీరు ఆయన ముందు వేయాలి. నోటితో చెప్పించుకున్నదానికి, చేతితో చేసినదానికి చాలా తేడా ఉంటుంది.

వెంట రావాల్సినవి: ఉండే రోజులకు మూడు రోజులు అదనంగా మందులు, విడి కవర్లలో కాకుండా అసలు స్ట్రిప్పుల్లోనే, రెండు రోజులు అదనంగా దాని తిండి, డాక్టరు చీటీ, రేబిస్ టీకా, నైన్ ఇన్ వన్ (పలు జబ్బులకు కలిపి వేసే) టీకా వేసిన తేదీలున్న పుస్తకం, దాని వాసన ఉన్న దుప్పటి. ఇన్సులిన్ అయితే రెండు సీసాలు అడగండి, ఒకటి కింద పడి పగిలితే అర్ధరాత్రి దొరకదు. యజమానికి ఫోన్ కలవకపోతే వైద్యం చేయించడానికి అనుమతి, ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చన్న మాట కాగితం మీద రాయించుకోండి. అడగడానికి మొహమాటపడే విషయమే, కానీ ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆ కాగితమే ప్రాణం నిలబెడుతుంది.

రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో, అక్కడ ఆక్సిజన్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నాయి, వేళలు మాత్రం కనుక్కోవాలి. రాత్రిపూట కుక్కను ఎక్కించుకోవడానికి చాలామంది ఆటోవాళ్ళు ఒప్పుకోరు. కారు ఎవరిదో ముందే అనుకుని ఉంచండి.

ఇల్లు

మన ఇళ్ళలో మొదటి శత్రువు నున్నటి టైల్స్. ముసలి కుక్క, నడుము బలహీనమైన కుక్క వాటి మీద కాళ్ళు చాచేసి పడుతుంది. ఒక్కసారి అలా పడితే లేవడానికే భయపడుతుంది. పడక నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కడి నుంచి తలుపు దాకా అడుగున రబ్బరు ఉన్న పట్టాలు గానీ పాత యోగా మ్యాట్లు గానీ దారిలా పరవండి. అరికాళ్ళ మధ్య వెంట్రుకలు పెరిగి ఉంటే కత్తిరించి తెమ్మనండి. మెట్లకు, బాల్కనీకి అడ్డు పెట్టండి. ఎలుకల మందు, బొద్దింకల చాక్‌పీసు ఇంట్లో లేకుండా చూడండి.

వంటింటి నుంచి ఏదీ వేయకండి. సాంబారు, పులుసుల్లోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయవచ్చు. జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసిన షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ ప్రాణాంతకం. కుంటుతోంది కదా అని మనుషుల పారాసెటమాల్, ఐబుప్రొఫేన్ అసలు వేయకండి.

షుగర్ ఉన్న కుక్క

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు సిరంజి దగ్గరే. కానిన్సులిన్ అనే కుక్కల ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు. మనుషుల ఇన్సులిన్ సీసాల్లో 40వీ ఉంటాయి, 100వీ ఉంటాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల సీసా నుంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి పోయేది 25 యూనిట్లు. అది కుక్కను చంపగలదు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతి పూటా చూడండి.

వరస ఇది: ముందు తిండి, తిన్నాక ఇన్సులిన్, మళ్ళీ 12 గంటలకు అదే. తినకపోయినా, తిన్నది కక్కేసినా పూర్తి మోతాదు వేయకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. తెల్లగా మడ్డిలా ఉండే ఇన్సులిన్‌ను వాడే ముందు కలపాలి. అరచేతుల మధ్య దొర్లించాలా, ఊపాలా అన్నది సీసాతో వచ్చిన కాగితంలో ఉంటుంది. పక్క భాగంలో చర్మాన్ని గుడారంలా పైకెత్తి, సూదిని ఆ గుడారం అడుగున ఒంటికి సమాంతరంగా దించండి. రోజూ ఒకేచోట గుచ్చితే చర్మం గట్టిపడి మందు సరిగా ఎక్కదు.

సూది మడతలోంచి బయటికి వచ్చేసి వెంట్రుకలు తడిశాయనుకోండి, లేదా మందు ఎంత లోపలికి పోయిందో తెలియలేదనుకోండి. మళ్ళీ వేయకండి. తర్వాతి పూట దాకా ఆగండి. ఒక పూట షుగర్ పెరిగితే పెద్ద ప్రమాదం లేదు, పడిపోతే గంటలో ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఇద్దరు మనుషులుంటే ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, వేసినవాళ్ళు వెంటనే టిక్కు పెట్టాలి. రెండుసార్లు వేసేయడం ఇలాంటి ఇళ్ళలోనే జరుగుతుంది.

తూలడం, వణుకు, పిలిస్తే అయోమయంగా చూడడం, ఫిట్స్ షుగర్ పడిపోయిందనడానికి గుర్తులు. తేనె గానీ చిక్కటి గ్లూకోజ్ నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకు రాయండి. స్పృహలేని కుక్క నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే నోట్లో వేలు పెట్టకండి, చెంప బయటికి లాగి లోపలి వైపు రాయండి. తేరుకోగానే తిండి పెట్టి, తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాంతులతో పాటు నీరసం, బరువుగా ఊపిరి తీయడం కనిపిస్తే అది మరో రకం ప్రమాదం, ఆ రోజే చూపించాలి.

ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజరుకు ఆనుకుని పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచండి. సూదులను మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులకు గుచ్చుకుంటాయి.

ఫిట్స్ వచ్చే కుక్క

ఫిట్స్ రాకుండా వేసే ఫినోబార్బిటాల్ మాత్ర 12 గంటలకోసారి ఇస్తారు. ఉన్నట్టుండి ఆపితే ఆపినందుకే ఫిట్స్ వస్తాయి. ఆలస్యమైతే గుర్తొచ్చిన వెంటనే ఒక డోసు ఇచ్చి డాక్టరుకు చెప్పండి, రెండూ కలిపి వేయకండి. మాత్ర మింగిందో బుగ్గలో పెట్టుకుందో నోరు తెరిచి చూడండి, సోఫా కింద మాత్రలు దొరికాకే చాలామందికి అసలు సంగతి తెలుస్తుంది. పొటాషియం బ్రోమైడ్ అనే మరో ఫిట్స్ మందు మీద ఉన్న కుక్కకైతే ఉప్పు లెక్క ముఖ్యం. ఉప్పు ఉన్నట్టుండి పెరిగితే మందు మూత్రంలో కొట్టుకుపోయి ఫిట్స్ తిరగబెడతాయి. ఒక చిప్స్ ప్యాకెట్, ఉప్పు చేప ముక్క కూడా వద్దు. పిడుదుల కోసం ఇచ్చే ఐసోక్సజోలిన్ రకం మాత్రలు కొన్ని కుక్కల్లో ఫిట్స్ రేపుతాయి కాబట్టి డాక్టరును అడగకుండా వేయకండి.

ఫిట్స్ మొదలవగానే గడియారం చూడండి. బల్లల అంచుల నుంచి, మెట్ల నుంచి దూరంగా జరిపి, తల కింద దుప్పటి పెట్టి, లైటు, టీవీ ఆపేయండి. నోట్లో చెంచా, వేలు పెట్టకండి. కుక్క నాలుక మింగదు, మీ వేలు మాత్రం తెగుతుంది. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. మలద్వారంలో వేయడానికి యజమాని ఫిట్స్ ఆపే డయాజిపామ్ మందు ఇస్తే దాన్ని ముందే ప్లాస్టిక్ సిరంజిలో నింపి ఉంచకండి, మందు ప్లాస్టిక్‌కు పట్టేసి బలం తగ్గిపోతుంది. తేరుకున్నాక కాసేపు కళ్ళు కనపడనట్టు గోడలకు గుద్దుకుంటుంది, విపరీతమైన ఆకలి వేస్తుంది, మనిషిని గుర్తుపట్టక కరవవచ్చు కూడా. దూరం నుంచే మెల్లగా మాట్లాడండి. దీపావళి వారంలో ఇలాంటి కుక్కను తీసుకోవాలంటే కిటికీలు తక్కువున్న గది ఉండాలి, టపాసుల కోసం ఏ మందు ఇవ్వాలో డాక్టరు ముందే రాసి ఉండాలి.

నడుము పడిపోయిన కుక్క

వీటిలో చాలావాటికి మూత్రం తనంతట రాదు. రోజుకు మూడు నాలుగు సార్లు పొట్ట నొక్కి పోయించాలి. కుక్కను నిలబెట్టి, వెనక కాళ్ళకు కాస్త ముందు, పొట్టకు రెండు వైపులా అరచేతులు ఆనించండి. నీళ్ళు నింపిన బుడగలా చేతికి తగిలేది మూత్రసంచి. మెల్లగా, ఆపకుండా, తోక వైపుగా నొక్కండి. ధార సన్నబడి ఆగేదాకా పట్టి ఉంచండి. కుదుపుతో నొక్కితే పొట్ట బిగుసుకుంటుంది. బుడగ నిండుగా తగులుతున్నా చుక్క రాకపోతే బలం పెంచకండి, దారి మూసుకుపోయి ఉంటే సంచి పగలవచ్చు. ఈ పని వీడియో చూసి వచ్చేది కాదు, యజమాని దగ్గరో డాక్టరు దగ్గరో కనీసం మూడుసార్లు చేసి చూపించాకే కుక్కను తీసుకోండి. మూత్రం మసకగా ఉన్నా, వాసన మారినా, నెత్తురు కనిపించినా అది ఇన్‌ఫెక్షనే అనుకుని చూపించండి.

నాలుగు అంగుళాల స్పాంజి పరుపు మీద రెగ్జిన్, దాని మీద రోజూ ఉతికే పాత నూలు దుప్పటి వేయండి. రెగ్జిన్ నేరుగా ఒంటికి తగిలితే చెమ్మ నిలిచి చర్మం నాని పాడవుతుంది. లేవలేని కుక్కను మూడు గంటలకోసారి పక్క మార్చి, తుంటి, మోచేయి ఎముకల దగ్గర ఎరుపు ఉందేమో చూడండి. మూత్రం తగిలిన చోట గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. పౌడరు చల్లితే ఉండ కట్టి లోపల పుండవుతుంది. చక్రాల బండికి అలవాటు లేకపోతే 10, 15 నిమిషాలు చాలు. బండి తగిలించి పక్క గదిలోకి కూడా వెళ్ళకండి, బోల్తా పడితే తనంతట లేవలేదు.

మిగతావి

గుండె జబ్బున్న కుక్క నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటితే, లేదా యజమాని చెప్పిన మామూలు లెక్క కన్నా బాగా పెరిగితే డాక్టరుకు చెప్పాలి. పిమోబెండాన్ అనే గుండె మందు తిండికి గంట ముందు ఇవ్వాలి. ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసే లాసిక్స్ ఇచ్చాక అది నీళ్ళు తాగుతుంది, బయటికి తీసుకెళ్ళమంటుంది. నీళ్ళ గిన్నె తీసేయకండి. చూపు లేని కుక్క ఉన్నన్నాళ్ళూ కుర్చీ కూడా జరపకండి, తాకే ముందు పిలవండి. వినపడనిది నిద్రలో ఉంటే పడక అంచును తట్టి లేపండి. బయట దానికి హారన్ వినపడదు కాబట్టి గొలుసు వదలకండి.

వచ్చిన రోజు, వెళ్ళే రోజు బరువు తూచండి. నోటు పుస్తకంలో వేళ, తిన్నది, తాగిన నీళ్ళు, మూత్రం, విరేచనం, మందు, వేసినవాళ్ళ పేరు రాయండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు మించి నీళ్ళు తాగుతుంటే అది తప్పక రాయాల్సిన సంగతి. తిరిగి అప్పగించేటప్పుడు ఆ పుస్తకంతో పాటు మిగిలిన మాత్రలు యజమాని ముందు లెక్కపెట్టి ఇవ్వండి. లెక్క తప్పితే ఏ పూట మందు పడలేదో అప్పుడే పుస్తకంలో వెతికి ఆయన డాక్టరుకు చెప్పవచ్చు.