కాళ్లలో చెవులు: కీటకాన్ని చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. వానాకాలం రాత్రి వరండా లైటు దగ్గరికి వచ్చే ఆకుపచ్చ పురుగును గాజు గ్లాసు కింద ఉంచి, బొమ్మ గీసి, మీసాల పొడవు రాసుకోమన్నాను. మీ బొమ్మలో మీసాలు దారంలా సన్నగా, ఒంటికన్నా పొడవుగా ఉంటే మీరు గీసింది పొలాల్లో ఎగిరే మామూలు మిడతను కాదు. దీన్ని ఇంగ్లిషులో కేటిడిడ్ అంటారు. మనం దీన్ని కూడా మిడత అనే పిలుస్తాం గానీ, వంశం చూస్తే ఇది కీచురాయికి దగ్గర చుట్టం. అనుమానం ఉంటే పాదం చూడండి. కేటిడిడ్ పాదంలో నాలుగు చిన్న కణుపులు ఉంటాయి, మిడతకూ కీచురాయికీ మూడే.

ఈ రోజు ఒకే ఒక్క కేటిడిడ్ జాతిని పట్టుకుని, దాని ఒంటిని భాగం భాగంగా చదువుదాం. పేరు కోపిఫోరా గోర్గొనెన్సిస్. శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా వర్ణించింది 2010లో. పేరులో ఉన్న గోర్గోనా ఒక దీవి. కొలంబియా దేశపు పశ్చిమ తీరానికి ఎదురుగా, పసిఫిక్ సముద్రంలో ఉంది. అక్కడి పాముల వల్లే దీవికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. గ్రీకు పురాణంలో గోర్గాన్ అనే రాక్షసి తల మీద జుట్టుకు బదులు పాములే కదా. 1980ల దాకా అక్కడ జైలు ఉండేది, ఇప్పుడు జాతీయ పార్కు.

పురుగు గురించి రాసే ముందు అది ఉండే చోటు గురించి రాయడం అలవాటు చేసుకోండి. గోర్గోనాలో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడేది సుమారు 800. అంత వానలో అడవి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పెద్ద చెట్ల కింద పొదలు, తీగలు, వెడల్పాటి ఆకులు గోడ కట్టినట్టు పెరుగుతాయి. పగలే చీకటిగా ఉండే చోట, రాత్రి తిరిగే పురుగుకు కళ్లు ఎంతవరకు పనికొస్తాయి? మగది ఆడదాన్ని వెతుక్కోవాలన్నా, గబ్బిలం నుంచి తప్పించుకోవాలన్నా శబ్దమే ఆధారం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే దీని ఒళ్లు సగం అర్థమైనట్టే.

ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. తల నుంచి మొదలుపెడదాం. రెండు మీసాల మధ్య నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కొమ్ము లాంటి మొన ఉంటుంది. కోపిఫోరా పేరుతో మొదలయ్యే జాతులన్నిటికీ ఇదే గుర్తు. తర్వాత తోక వైపు వెళ్లండి. అక్కడ పొడవాటి కత్తిలాంటిది కనిపిస్తే అది ఆడది. చూసి భయపడొద్దు, అది కుట్టే ముల్లు కాదు, గుడ్లు పెట్టే గొట్టం. కత్తి లేకపోతే మగది.

మగదాని రెక్కల మొదలు దగ్గర కాస్త ఆగండి, ఏ రెక్క పైన ఉందో చూడండి. కేటిడిడ్‌లో ఎడమ రెక్క పైన ఉంటుంది. దాని అడుగున ఆకురాయిలాగా పళ్లు వరసగా ఉన్న ఒక నరం, కింద ఉన్న కుడి రెక్కకు ఒక గీకుడు అంచు. రెక్కలు మూసేటప్పుడు అంచు పళ్ల మీదుగా గీసుకుంటూ పోతుంది, రెక్కలోని పలచటి పొర ఆ కంపనాన్ని పెద్దది చేస్తుంది. కీచురాయిలో ఇదంతా తిరగబడి ఉంటుంది, కుడి రెక్కే పైన. మన కోపిఫోరా పాట సుమారు 23 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 23 వేల కంపనాల దగ్గర ఉంటుంది. మనిషి చెవి 20 దాటితే వినలేదు, నడివయసు దాటితే అంత కూడా వినలేదు. పక్కన కూర్చున్నా దాని పాట మనకు నిశ్శబ్దమే.

మరి ఆ పాట వినే చెవి ఎక్కడ? తల మీద వెతక్కండి. పొట్ట మీద కూడా కాదు, అది మామూలు మిడతకు. ముందు కాళ్లు చూడండి. మోకాలు దిగగానే, పిక్క మొదట్లో, కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. అక్కడ ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి సన్నని చీలికలు. నేను మొదట్లో ఇలాంటి చీలికను మరక అనుకుని బొమ్మలో వదిలేశాను. మీరు వదలకండి, ఈ పాఠమంతా దానికోసమే. ఆ చీలికల లోపల రెండు కర్ణభేరులు ఉన్నాయి. అంటే ఒక్కో కాలికి రెండు.

ఇక్కడ మన చెవి ఎలా పని చేస్తుందో గుర్తు చేసుకోవాలి. బావిలో మునిగి ఉన్నప్పుడు గట్టు మీద ఎవరైనా కేకేస్తే సరిగా వినపడదు. గాలిలోని శబ్దం నీటిలోకి దిగకుండా దాదాపు అంతా పైనుంచే వెనక్కి పోతుంది. మన లోపలి చెవిలో కూడా ద్రవమే ఉంది. అందుకే మధ్యలో మూడు చిన్న ఎముకలు తులాదండంలా పని చేసి, కర్ణభేరి కదలికను బలంగా మార్చి ద్రవంలోకి నెడతాయి. 2012లో ఫెర్నాండో మోంటెఅలెగ్రె, డేనియల్ రాబర్ట్ తదితర శాస్త్రవేత్తలు కోపిఫోరా కాలిని ఎక్స్‌రే స్కానింగ్‌తో, లేజర్‌తో పరీక్షించి ‘సైన్స్’ అనే పత్రికలో రాశారు. కర్ణభేరిని ఆనుకుని ఒక గట్టి పలక ఉంది, అదే మన ఎముకల పని చేస్తోంది. దాని అవతల ద్రవం నిండిన సన్నటి గొట్టం. అందులో వినికిడి కణాలు వరసగా ఉన్నాయి, ఒక చివర తక్కువ స్థాయి స్వరాలకు, పాదం వైపు చివర ఎక్కువ స్థాయి స్వరాలకు. మన చెవిలో నత్త గుల్లలా చుట్టుకున్నది, దాని కాలిలో తిన్నగా పరుచుకుని ఉంది. మొత్తం చెవి పొడవు ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. చుట్టరికమే లేని రెండు జీవులు ఒకే చిక్కుకు ఒకే రకం దారి కనుక్కోవడం నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరించే విషయం.

ఇంకో దారి కూడా ఉంది. ఛాతీ పక్కన ఒక ఊపిరి రంధ్రం, అక్కడి నుంచి సన్నాయిలా సన్నబడుతూ కాలిలోకి దిగే గాలి గొట్టం. శబ్దం బయటి నుంచి తగలడంతో పాటు, ఈ గొట్టంలో బలం పుంజుకుని లోపలి నుంచి కూడా కర్ణభేరిని తాకుతుంది. ఈ రెండింటి తేడా శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెప్పడానికి పనికొస్తుంది. చీలిక చుట్టూ ఉన్న పెంకు మడతలకు మరో పని ఉందని 2022లో తేలింది. అవి 60 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాలను పెంచుతాయి. అది కోపిఫోరా పాట స్థాయి కాదు, గబ్బిలాల కేకల స్థాయి.

ఈసారి పని. మీ ఊళ్లోని పొడవు మీసాల పురుగును మళ్లీ గ్లాసు కింద పెట్టండి, పది నిమిషాలకు మించొద్దు. టార్చికి వెలుగు బయటికి వచ్చే పలచటి ఎర్ర కాగితం చుడితే అంతగా బెదరదు. ఫోన్ కెమెరాను జూమ్ చేసి ముందు కాలి మోకాలి కింద ఫొటో తీయండి. కొన్ని జాతుల్లో సన్నని చీలిక కనిపిస్తుంది, కొన్నింటిలో కోడిగుడ్డు ఆకారంలో తెరిచి ఉన్న పొర. మీదానికి ఏది ఉందో గీసి, పక్కన ఆ పురుగు దొరికిన చోటు రాయండి: ఏ మొక్క, నేల నుంచి ఎంత ఎత్తు, ఎన్ని గంటలకు. తర్వాత దొరికిన మొక్క మీదే వదిలేయండి. వచ్చే పాఠంలో రెక్క మీది పళ్లు ఎలా లెక్కపెట్టాలో చూద్దాం, దానికి చిన్న భూతద్దం ఒకటి దగ్గర ఉంచుకోండి.