ఎస్కోమ్ చర్చికి వెళ్తే ముందు బయట గోడలు చూడండి
ఇంగ్లండ్‌లో డర్హమ్ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక చిట్కా, బిషప్ ఆక్లండ్ పక్కనే ఎస్కోమ్ అనే ఊళ్ళో 7వ శతాబ్దం నాటి చిన్న చర్చి ఉంది, దాన్ని దగ్గర్లోని బిన్‌చెస్టర్ రోమన్ కోట రాళ్ళు తెచ్చి కట్టారు. వెళ్ళగానే లోపలికి దూరిపోకుండా ముందు ఉత్తరం గోడ బయట వెతకండి, రోమన్ ఆరో లీజియన్ (రోమన్ సైన్యంలో ఒక పెద్ద దళం) పేరు చెక్కిన రాయి అక్కడ తలకిందులుగా ఉంది, అందుకే ఈజీగా కంటికి ఆనదు, ఫోటో తీసి తిప్పి చూస్తే అక్షరాలు తెలుస్తాయి. కొన్ని రాళ్ళ మీద గళ్ళుగళ్ళుగా గీతలుంటాయి, అదీ రోమన్ల ఉలి పనే. దక్షిణం గోడ మీద సన్‌డయల్ (నీడ గడియారం) మాత్రం రోమన్ల తర్వాత వచ్చి ఈ చర్చి కట్టిన సాక్సన్లది, అస్సలు మిస్ అవ్వకండి. ఓపికుంటే అదే రోజు బిన్‌చెస్టర్‌లో రోమన్ స్నానశాల కూడా చూసేయండి, కాకపోతే తెరిచే రోజులు ముందే కనుక్కోండి.