రోడ్డు మెయింటెనెన్స్ కాంట్రాక్టులో తేడా ఎక్కడొస్తోంది? సమస్య - కారణం - పరిష్కారం

రోడ్డు మెయింటెనెన్స్ కాంట్రాక్టు చూసేవాళ్ళకి, అది పని ఇచ్చే ఆఫీసు తరఫున కావచ్చు కాంట్రాక్టర్ తరఫున కావచ్చు, తలనొప్పులన్నీ సైట్ మీద కనిపిస్తాయి గానీ వాటి మూలం చాలావరకు అగ్రిమెంట్ కాగితాల్లోనే ఉంటుంది. దేనికి డబ్బులిస్తామని రాశామో ఆ పని జరుగుతుంది, దేనికి రాయలేదో అది పక్కకి పోతుంది. అందుకే ఏ సమస్య వచ్చినా ఎవరినో తిట్టే ముందు బీఓక్యూ (ఏ పని ఎంత, ఏ రేటుకి అని ఐటెం వారీగా రాసిన పట్టిక) తెరిచి ఆ ఐటెం ఎలా రాసుందో ఒకసారి చదవండి.

సమస్య: పూడ్చిన గుంత మళ్ళీ అదే చోట లేస్తోంది

ముందు చూడాల్సింది మిక్స్ కాదు, నీళ్ళు. గుంత దగ్గర నిలబడి అటూ ఇటూ నాలుగడుగులు నడవండి, పక్క కాలవ పూడుకుపోయిందా, షోల్డర్ (తారు అంచు పక్కనుండే పట్టీ) మట్టి రోడ్డు కన్నా ఎత్తు పెరిగిపోయి వాన నీళ్ళు తారు మీదే నిలబడుతున్నాయా అని చూడండి. నీళ్ళు బేస్ (తారు కింద ఉండే కంకర పొర) లోకి దిగుతుంటే పైన ఎంత ఖరీదైన మిక్స్ వేసినా నిలవదు, కాలవ తీయకుండా అక్కడ మూడోసారి ప్యాచ్ వేయడం అంటే పబ్లిక్ డబ్బు నీళ్ళలో పోసినట్టే.

నీళ్ళ సమస్య లేదంటే వేసిన పద్ధతిలో లోపం ఉంది. ఊడొచ్చిన ముక్కని చేత్తో తిరగేయండి, అదే చెప్తుంది. అడుగున దుమ్ము పట్టి ఉండి, పాత తారుకి అతుక్కున్న గుర్తే లేకపోతే గుంత శుభ్రం చేయలేదు, టాక్ కోట్ (కొత్త మిక్స్ పాతదానికి అతుక్కోవడానికి ముందు చల్లే పలచటి తారు) సరిగా పడలేదు. అంచుల్లో మాత్రమే రాలిపోతుంటే అంచులు నిలువుగా కట్ చేయకుండా మిక్స్ ని పలచగా లాగేశారు. మధ్యలో కుంగితే రోలింగ్ చాలలేదు, లేదా కింద బేస్ మెత్తబడింది. ఇంకోటి వేడి. మామూలు తారుతో చేసే హాట్ మిక్స్ ప్లాంట్ దగ్గర సుమారు 150-160 డిగ్రీల సెల్సియస్ లో ఉంటుంది, 90 దగ్గరికి చల్లారిపోయాక రోలర్ ఎన్నిసార్లు తిప్పినా పెద్దగా అణగదు. చిన్న చిన్న గుంతల కోసం ఒకే ట్రక్కుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిప్పితే ఆఖరి గుంతలకి పడేది చల్లారిన మిక్సే.

ఇప్పుడు కాగితం చూడండి. "గుంతలు పూడ్చుట, టన్నుకి" అని ఒకే లైన్ ఉంటే కటింగ్ కి, క్లీనింగ్ కి, టాక్ కోట్ కి విడిగా పైసా రాదు, ఎన్ని టన్నులు పోస్తే అంత బిల్లు, మరి మనిషి ఏం చేస్తాడు? పరిష్కారం ఏంటంటే, కట్ చేయడం, శుభ్రం చేయడం, టాక్ కోట్, ఫిల్లింగ్, రోలింగ్ విడివిడి ఐటెంలుగా పెట్టడం, లేదా అన్నీ కలిపి చదరపు మీటరుకి ఒకే రేటు పెట్టి ఇన్ని నెలలు నిలవకపోతే సొంత ఖర్చుతో మళ్ళీ వేయాలని రాయడం. కాలవల పూడికతీత మాత్రం ఖచ్చితంగా విడి ఐటెం కావాలి, వానలకి ముందే అయిపోవాలి. ట్రక్కు సైట్ కి రాగానే, ఆఖరి గుంత వేసేటప్పుడు కూడా థర్మామీటర్ పెట్టి ఆ రీడింగ్ ని చలాన్ మీద రాయించండి.

సమస్య: బిల్లులో క్వాంటిటీ ఎక్కువ, రోడ్డు మీద తక్కువ

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, ముందు ఒక లెక్క చాలు. 100 చదరపు మీటర్లు, 40 మిల్లీమీటర్ల మందం అంటే 4 ఘనపు మీటర్లు. రోల్ చేసిన తారు మిక్స్ ఘనపు మీటరుకి సుమారు 2.3 టన్నులు అనుకుంటే 9.2 టన్నులు పట్టాలి. కాటా చలాన్లు కలిపితే 7 టన్నులే వచ్చాయంటే ఆ మందం పడలేదు, 12 వచ్చాయంటే కింద పల్లాలు పూడ్చడానికి పోయిందో, మిక్స్ ఇంకెక్కడికైనా వెళ్ళిందో కనుక్కోవాలి. రోలింగ్ కి ముందున్న లూజ్ మందాన్ని కొలిచి బిల్లులో ఎక్కించడం కూడా తరచుగా జరిగేదే, అగ్రిమెంట్ లో "రోలింగ్ తర్వాత మందం" అని స్పష్టంగా లేకపోతే వాదన మొదలవుతుంది. కోర్ కట్ చేసి, అంటే వేసిన రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీసి, మందం చూసుకునే హక్కు కూడా రాసుకోండి.

కప్పడిపోయే పని ఏదైనా, అంటే గుంత లోతు, తవ్విన మట్టి, కింద వేసిన కంకర, కప్పక ముందే ఇద్దరూ కలిసి కొలిచి మెజర్‌మెంట్ బుక్ లో సంతకాలు పెట్టుకోవాలి. చైనేజ్ (రోడ్డు మొదలు నుంచి ఆ చోటుకి ఎంత దూరమో) రాసిన పలక, స్కేలు ఫ్రేమ్ లో కనిపించేలా ఫోటో తీసుకోవాలి. ఇది కాంట్రాక్టర్ కి కూడా మేలే, నిజంగా లోతు తవ్వినవాడికి డబ్బులు ఆగవు.

సమస్య: ఫోన్ చేసి చేయమన్నారు, ఇప్పుడు బిల్లు పాస్ కావట్లేదు

అర్జెంట్ గా గట్టు తెగింది, కల్వర్టు కూరుకుపోయింది, ఎవరో ఫోన్ లో చెప్పారు, పని అయిపోయింది, ఆర్డర్ లేదు. తప్పు ఎవరి మనసులోనూ లేదు, కాగితమే లేదు. అదే రోజు మెసేజ్ అయినా సరే రాతపూర్వకంగా పంపండి, సైట్ ఇన్‌స్ట్రక్షన్ బుక్ లో ఎక్కించండి, రేటు తేలకపోయినా క్వాంటిటీ మాత్రం రాసుకోండి. క్లెయిమ్ నోటీసు గడువు మీ అగ్రిమెంట్ లో ఎంతుందో చూడండి, ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ) తయారుచేసిన నమూనా కాంట్రాక్టు, 1999 రెడ్ బుక్ షరతుల్లో అయితే విషయం తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, అది దాటితే న్యాయమైన క్లెయిమ్ కూడా పోయే ప్రమాదం ఉంది.

సమస్య: కంప్లైంట్ ఇచ్చినా కాంట్రాక్టర్ మనుషులు వారాల తరబడి రారు

వచ్చి రెండు గుంతలు పూడిస్తే వచ్చే బిల్లు కన్నా రోలర్ తెచ్చే ఖర్చే ఎక్కువ, అందుకే పది పనులు పోగయ్యేదాకా ఆగుతారు. ఇక్కడ కాంట్రాక్టు రకమే మార్చుకోవడం మంచిది. రోడ్డు ఈ స్థితిలో ఉండాలి అని చెప్పి నెలకి ఇంత అని ఇచ్చి, లోపం ఉంటే ఆ డబ్బులో కోత పెట్టే పద్ధతి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1988 ప్రాంతంలో మొదలైంది, తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అర్జెంటీనా లాంటి చోట్లా వచ్చింది. అంత దూరం వెళ్ళకపోయినా కనీసం ప్రమాదకరమైన గుంతకి ఇన్ని గంటలు, మామూలు దానికి ఇన్ని రోజులు అని రాసి, సిబ్బందిని, మెషినరీని రెడీగా ఉంచడానికి నెలవారీ ఐటెం పెట్టండి. కోత చిన్నదిగా, ఆటోమేటిక్ గా పడేలా ఉండాలి. భారీ పెనాల్టీ రాస్తే అది వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు, కాగితం మీదే ఉండిపోతుంది.

సమస్య: పని మధ్యలో నెమ్మదించింది

రెండు కారణాలు. ఒకటి, పని ఇచ్చినవాళ్ళే బిల్లులు ఆపేశారు, ఇది ఒప్పుకోవాల్సిన విషయం, తారుకి డీజిల్ కి రోజూ డబ్బులు కావాలి, చిన్న కాంట్రాక్టర్ రెండు మూడు బిల్లులు ఆగితే ప్లాంట్ ఆపేస్తాడు. నెలనెలా బిల్లు, చెల్లింపు గడువు, దాటితే వడ్డీ, ఈ మూడూ అగ్రిమెంట్ లో ఉండాలి. రెండోది మరీ తక్కువకి కోట్ చేసి పని పట్టుకోవడం. ముందు వచ్చే ఐటెంలకి రేటు ఎక్కువ, తర్వాత వచ్చేవాటికి తక్కువ వేసి ఉంటే, మొదటి డబ్బులు అందాక ఆసక్తి పోతుంది. టెండర్ దశలోనే ఐటెం వారీగా రేట్ అనాలిసిస్ (ఆ రేటు ఎలా వచ్చిందో చూపే లెక్క) అడగండి, అదనపు సెక్యూరిటీ (హామీ సొమ్ము) తీసుకోండి.

సమస్య: డిఫెక్ట్ లయబిలిటీ గడువులో (పని అయ్యాక లోపాలు కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) రోడ్డు పాడైంది, తప్పు నాది కాదని కాంట్రాక్టర్ అంటున్నాడు

అది నిజం కూడా కావచ్చు. పైప్ లైన్ కోసం ఎవరో తవ్వి ఉండొచ్చు, ఓవర్ లోడ్ బళ్ళు తిరిగి ఉండొచ్చు. అమెరికాలో 1958-60 మధ్య జరిగిన ఆషో రోడ్ టెస్ట్ నుంచి వచ్చిన లెక్క ప్రకారం యాక్సిల్ బరువు రెట్టింపు అయితే రోడ్డుకి జరిగే నష్టం సుమారు 16 రెట్లు. అందుకే పని మొదలుకాక ముందు, అయ్యాక, ఇద్దరూ కలిసి రోడ్డంతా చైనేజ్ వారీగా వీడియో తీసి సంతకాలు పెట్టుకోండి. రోడ్డు తవ్వడానికి ఎవరికి పర్మిషన్ ఇచ్చినా కాంట్రాక్టర్ కి కాపీ పంపండి, ఆ ముక్క బాధ్యత అక్కడే తేలిపోతుంది. గడువు ముగిసే రెండు నెలల ముందే, కనీసం ఒక వానాకాలం చూశాక, జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టి లోపాల లిస్టు రాతపూర్వకంగా ఇవ్వండి, అవి సరిచేశాకే రిటెన్షన్ (బిల్లుల్లోంచి హామీగా ఆపి ఉంచిన డబ్బు) వదలండి. మళ్ళీ వేసిన ప్యాచ్ కి గ్యారంటీ కొత్తగా మొదలవుతుందా, పాత గడువుతోనే పోతుందా అన్నది కూడా అగ్రిమెంట్ లోనే తేల్చి రాయండి.